కలవని రోడ్లు వేయడం ఎలా?

ఉచిత సలహాకు విలువ ఉండదంటారు. ఈ కింది సలహాలు మాత్రం అలాంటివి కావు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో చాలామంది వీటిని సొంత డబ్బు పెట్టి పాటించారు, బాగుపడ్డారు కూడా. కొత్తగా నాలుగెకరాలు కొని, పత్తికట్టె పీకించి, సున్నంతో గీతలు గీయించబోతున్న వెంచరు అన్నల కోసం రాస్తున్నా. ప్లాటు కొనేవాళ్లు కూడా చదువుకోవచ్చు గానీ, రిజిస్ట్రేషన్ అయ్యాక చదివితే మనసు ప్రశాంతంగా ఉంటుంది.

ముందు ఒక భయం తీసేద్దాం. రోడ్లన్నీ గళ్ల నోటుబుక్కులా నిటారుగా ఉంటే అది ప్లానింగ్ ఉన్న ఊరని జనం నమ్మకం. ఆ నమ్మకాన్ని చెడగొట్టకండి, మన వ్యాపారం దాని మీదే నడుస్తోంది. నిటారు గీత గీయడానికి ఒక సర్వేయరు, ఒక తాడు చాలు. కష్టమంతా ఆ గీతను పక్కవాడి గీతతో కలపడంలో ఉంది. కాబట్టి గీయండి, కలపకండి. భానుపురి అన్న పేరు నాటి పాత సూర్యాపేట గల్లీల్లో నిటారుగా ఉన్నది వెతికినా దొరకదు. కానీ ఒకదాంట్లో దూరితే ఇంకోదాంట్లో తేలతారు. ఎటు పోయినా బజారుకో, గుడికో, చెరువు కట్టకో చేరతారు. మన పల్లెల్లో బొడ్రాయి చుట్టూ పుట్టిన బాటలదీ అదే కథ. ఎవరూ టేపు పెట్టి కొలవలేదు, అయినా అన్నీ కలిశాయి. చదువుకున్నవాళ్లం, ఆ తప్పు మనం చేయకూడదు.

రోడ్డు కలిపితే నష్టమెంతో లెక్క చూడండి. 33 అడుగుల రోడ్డంటే 11 గజాల వెడల్పు. మీ చివరి వరుస నుంచి పక్క వెంచరు హద్దు దాకా ఒక 100 గజాలు లాగారనుకోండి, 1,100 గజాలు పోయినట్టే. అంటే 200 గజాల ప్లాట్లు ఐదున్నర. ఎకరంలో ఉన్నవే 4,840 గజాలు. అందులో నూటికి 10 పార్కుకు వదలమంటారు డీటీసీపీ వాళ్లు. లోపలి రోడ్లకు మరో మూడో వంతు దాకా ఎగిరిపోతుంది. ఇంత పోయాక, పక్కవాడి ప్లాట్ల రేటు పెరగడానికి మన భూమిలో రోడ్డేమిటి? గోడ కట్టేయండి. సిమెంటు పలకల గోడకు పెద్ద ఖర్చు కాదు, పైగా బ్రోచరులో ‘గేటెడ్’ అని రాసుకోవచ్చు.

కొనేవాడు అడగడా అంటారేమో. అడుగుతాడు. ఆదివారం పూట భార్యను, మామను వెంటబెట్టుకొని వస్తాడు. రెండో వరుస దాకా నడిచి, గోడను చూసి ఆగుతాడు.

“అన్నా, ఈ రోడ్డు అవతలికి పోతదా?”

“పోదన్నా. బయట బండి ఒక్కటి లోపలికి రాదు. పిల్లలు రోడ్డు మీదనే ఆడుకోవచ్చు.”

“మరి గా కనబడే బడికి పోవాల్నంటే?”

“మెయిన్ రోడ్డెంత దూరమన్నా, రెండు నిమిషాలు.”

రెండు నిమిషాలన్నది అబద్ధం కాదు. మెయిన్ రోడ్డెక్కాక రాంగ్ రూట్లో కొంత దూరం పోయి, ఇంకో వెంచరు కమాను కింద నుంచి మళ్లీ అంత దూరమూ లోపలికి రావాలన్నది ఆయన అడగలేదు, మీరు చెప్పలేదు. వెనక గోడ ఇద్దరిదీ ఒకటే అయిన రెండిళ్ల మధ్య కిలోమీటరు ప్రయాణం సృష్టించడం మాటలు కాదు. ఆ ఘనత ముందుతరాలకు దక్కలేదు. ఒక్క మామతోనే జాగ్రత్త. ఆయన రైతు. బాట లేని చెలక కొన్నవాడి అవస్థ, ఎద్దులబండి పోనీయమని పక్క కమతం వాడిని ఏడాదికోసారి బతిమాలుకున్న అవస్థ ఆయనకు తెలుసు. గోడ వైపే చూస్తూ ఉంటాడు. వెంటనే కూల్‌డ్రింకు తెప్పించండి.

లెక్కల మాస్టార్లు ఎవరైనా వస్తే ఇంకో వాదం పెడతారు. అన్ని రోడ్లూ కలిసే ఊళ్లో ఇటు మూడు వీధులు, అటు మూడు వీధులు దాటి పోవాలంటే, చుట్టు తిరగకుండా పోయే దారులు 20 ఉంటాయట. నిజమే, కాగితం మీద వేసి చూసుకోవచ్చు. మీ వెంచర్లో ఒకటే ఉంటుంది. ఇది లోపమని ఎందుకనుకోవాలి? 20 దారులున్న చోట గల్లీలో పెళ్లి పందిరి వేస్తే జనం పక్క సందులోంచి జారుకుంటారు. ఒకే దారి ఉన్నచోట బండి పక్కన పెట్టి, పందిట్లో కూర్చొని, కట్నం చదివించి, భోంచేసి పోతారు. ఇరుగుపొరుగు సంబంధాలు పెరగడానికి ఇంతకన్నా మార్గం లేదు. మంచినీళ్ల పైపులకో, డ్రైనేజీకో తవ్విపోసినప్పుడు పందిరి ఉండదు గానీ, ముచ్చట్లు మాత్రం అలాగే సాగుతాయి.

ఇక దిక్కుల సంగతి. దీని మీద కొంచెం ఎక్కువసేపు నిలబడాలి, ఎందుకంటే మన ఊళ్ల నక్షను గీసింది ఇంజినీరు కన్నా వాస్తు పండితుడే ఎక్కువ.

తూర్పు ముఖం ప్లాటు ముందు అమ్ముడుపోతుంది. పడమర తర్వాత. దక్షిణం ముఖాన్ని ఎవరూ ముట్టరు, ముట్టినా గజానికి ఇంత తగ్గించమంటారు. అందుకని తెలివైనవాడు రోడ్లన్నీ ఉత్తరం నుంచి దక్షిణానికి వేస్తాడు, రెండు పక్కలా తూర్పు, పడమర ముఖాలే వస్తాయి. మధ్యలో అడ్డ రోడ్డు వేశారా, దాని మీద దక్షిణం ముఖాలు పుడతాయి. కాబట్టి అడ్డ రోడ్డు వేయొద్దు. ఇరవై ఇళ్ల వరుసకు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి ఉంటే చాలు. పక్క వీధిలో ఉన్న చుట్టాల ఇంటికి పోవాలంటే వరుస మొత్తం నడవాలి, నడక ఆరోగ్యానికి మంచిది.

అయితే 65వ నంబరు జాతీయ రహదారికి వాస్తు తెలియదు. హైదరాబాద్ నుంచి విజయవాడకు తూర్పు ఆగ్నేయంగా ఏటవాలుగా పోతుంది. మనం దాని పక్కన దిక్కులకు సరిగ్గా గళ్లు గీస్తే, రోడ్డంచున మూడు మూలల ముక్కలు మిగులుతాయి. రోడ్డుకు సరిగ్గా గీస్తే ప్లాట్లన్నీ విదిక్కు పడతాయి. న్యూయార్కుకూ ఇదే చిక్కు వచ్చింది. మాన్‌హట్టన్ దీవి మీద 1811లో 12 పెద్ద రోడ్లు, 155 అడ్డ వీధులు గీసినప్పుడు, అంతకుముందే ఉన్న బ్రాడ్‌వే అనే పాత బాట ఏటవాలుగా మిగిలింది. అది గళ్లను కోసిన చోట మిగిలిన ముక్కల్లోనే టైమ్స్ స్క్వేర్ పుట్టింది, 1902లో ఇస్త్రీపెట్టె ఆకారంలో ఫ్లాట్‌ఐరన్ భవనం లేచింది. మన ముక్కల్లో పంక్చరు షాపు, టీ బండి, నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ లేస్తాయి. ఇంకో మాట, ఆ మాన్‌హట్టన్ గళ్లు కూడా దిక్కులకు సరిగ్గా లేవు, దీవి ఒంపును బట్టి దాదాపు 29 డిగ్రీలు ఒరిగి ఉన్నాయి. మన లెక్కలో ఊరు ఊరంతా విదిక్కే. ఎలా బతుకుతున్నారో పాపం.

వీధిపోటు గురించి మాత్రం గుట్టుగా మాట్లాడాలి. ఎదురుగా వచ్చే రోడ్డు ఇంటికి తగిలి ఆగితే వీధిపోటు. రోడ్డు ఆగకుండా అవతలికి సాగిపోతే పోటు పడే ఇల్లే ఉండదు. అంటే నాలుగు వైపులా కలిసే రోడ్లు వేస్తే ఊళ్లో వీధిపోటన్న మాటే వినబడదు. ఈ రహస్యం బయటపడితే రోడ్లు కలపమని జనం వాస్తు పేరు మీదే అడుగుతారు, అప్పుడు కాదనడానికి మన దగ్గర మాట ఉండదు. కాబట్టి ఆగిపోయే ప్రతి రోడ్డు చివరా గోడలో చిన్న గూడు చేసి వినాయకుణ్ణి పెట్టించండి. నైరుతి పోటు పడి అమ్ముడుపోని ప్లాటుంటే దాన్ని 10 శాతం పార్కులో కలిపేయండి. మన పార్కులు ఎప్పుడూ గుంతలోనో, మూలకో, కరెంటు తీగల కిందో ఎందుకుంటాయని ఆశ్చర్యపోయేవాళ్లకు జవాబు ఇదే.

మూల ప్లాటుకు గజానికి వంద, రెండొందలు ఎక్కువ తీసుకోండి, తప్పులేదు. కానీ కట్టుకునేటప్పుడు మూల కోయాలని మాత్రం చెప్పకండి. 2012 నాటి 168 జీవో ప్రకారం 12 మీటర్ల లోపు రోడ్లు కలిసే మూలలో మూడు మీటర్లకు మూడు మీటర్లు ఏటవాలుగా వదలాలి. తిరిగే బండికి ఎదురొచ్చే బండి కనబడటానికి. వదిలేది ఐదున్నర గజాలు కూడా ఉండదు. బార్సిలోనాలో 1859లో ఇల్దెఫాన్స్ సెర్దా అనే ఇంజినీరు ప్రతి చౌరస్తాలో నాలుగు మూలలూ కోయించాడు, అక్కడ ఇప్పటికీ చౌరస్తా ఎనిమిది మూలల బయలులా ఉంటుంది. మనవాళ్లు మూల మీదికి మెట్లు కట్టి, మెట్ల పక్కన జనరేటరు పెట్టి, దాని పక్కన తులసికోట కడతారు. మూల మలిగేవాడు హారన్ కొట్టుకుంటాడు. వాడి దగ్గర హారన్ ఉంది కదా.

ఇవన్నీ వెంచరు లోపలి పనులు. ఊరికి చేయాల్సిన మేలు ఇంకా ఉంది.

లోపలి రోడ్లు ఒకదానికొకటి కలవకపోతే ప్రతి బండీ మెయిన్ రోడ్డుకే రావాలి. పాలప్యాకెట్టుకు పోయేవాడు, కాలేజీ బస్సు, ఇసుక ట్రాక్టరు, హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే వోల్వో, అందరూ ఒకే రోడ్డు మీద. సూర్యాపేట ఒకప్పుడు ఈ రోడ్డు మీదే పెరిగింది, హైదరాబాద్, విజయవాడల దారిలో బస్సు దిగి టీ తాగే ఊరుగా బతికింది. ఆ రోడ్డు వెంట కొట్లు పొడుగ్గా సాగాయి, వెనక పొలాలు పొలాల్లాగే ఉండిపోయాయి. తర్వాత ఆ పొలాల్లో వెంచర్లు పడ్డాయి, ఒక్కొక్కటీ తన కమానుతో మెయిన్ రోడ్డును పట్టుకుంది. 2016లో జిల్లా కేంద్రం అయ్యాక రేటు పెరిగింది తప్ప పద్ధతి మారలేదు. 2012 చివరికి హైవే నాలుగు వరుసలై, బైపాస్ ఊరి బయటి నుంచి పోయినప్పుడు కొందరు కంగారు పడ్డారు. కంగారెందుకు? బైపాస్ పక్కన హోటలు, ఆసుపత్రి, ఫంక్షన్ హాలు, వెంచరు వరుసగా పెడితే నాలుగేళ్లలో అదీ మెయిన్ రోడ్డే. జనగాం క్రాస్‌రోడ్డు, దురాజ్‌పల్లి, కోదాడ దగ్గర కొమరబండ, ఇవన్నీ జాతీయ రహదారుల వాళ్లు ప్రమాదాల బ్లాక్ స్పాట్లుగా గుర్తించినవి. ఊరి బండి, దూరం పోయే బండి ఒకేచోట ఎదురుపడితే జరిగేది అదే. అప్పుడు ప్రభుత్వం అండర్‌పాస్ కడుతుంది. దాని పక్కన ప్లాట్ల రేటు మళ్లీ పెరుగుతుంది.

కోదాడకు ఇంకా సులువు. హైదరాబాద్, విజయవాడ, ఖమ్మం, హుజూర్‌నగర్, నాలుగు దిక్కులకు నాలుగు పెద్ద రోడ్లున్నాయి. 1591లో హైదరాబాద్ కట్టినప్పుడు చార్మినార్ దగ్గర అలాగే నాలుగు రోడ్లు వేసి వాటి చుట్టూ పేటలు పెంచారు. కోదాడలో ఆ నాలుగూ చాలనుకోండి, మధ్యలో ఉన్న పావు భాగాలను దేనికదే వదిలేయండి. ఖమ్మం రోడ్డు మీదున్నవాడు హుజూర్‌నగర్ రోడ్డుకు పోవాలంటే చౌరస్తాకు వచ్చి తీరాలి, చౌరస్తాలో కొట్టు అద్దె తగ్గదు.

చెరువు అలుగు పారే వాగు అడ్డొస్తే ఏం చేయాలని అడుగుతారు. వాగును రోడ్డు చేయండి. ఎలాగూ ఏడాదిలో పది నెలలు ఎండే ఉంటుంది, నక్షలో ఒంపులు తిరుగుతూ వికారంగా కనబడుతుంది, నిటారు చేస్తే రెండు వరుసల ప్లాట్లు వస్తాయి. నీళ్లకు చదువు రాదు, పాత దారే వెతుక్కుంటాయి. 2024 ఆగస్టు 31 రాత్రి వానకు కోదాడలో వరద ఊళ్లోకి వచ్చింది, కార్లు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. ఈ ఒక్క చోట నాకు వేళాకోళం ఆడబుద్ధి కావడం లేదు.

ఆ మర్నాడే ఇంకోటి జరిగింది. కోదాడ అవతల హైవే నీళ్లపాలై రాకపోకలు ఆగిపోతే, హైదరాబాద్ బండ్లను నార్కట్‌పల్లి దగ్గర మళ్లించి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, గుంటూరు మీదుగా పంపారు. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల జాతర వచ్చినప్పుడూ ఇదే ఏర్పాటు, బండ్లు నల్గొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ తిరిగి కోదాడలో హైవే ఎక్కుతాయి. జాతరకు లక్షల మంది వచ్చినా విజయవాడ ప్రయాణం ఆగదు, ఎందుకంటే రెండో దారి ఉంది, అది మొదటిదానితో రెండు చివరలా కలిసింది. మూడు ఊళ్ల మధ్య పనిచేసే ఈ కిటుకు ఒక ఊరి లోపల మూడు వీధుల మధ్య కూడా పనిచేస్తుందని ఎవరికైనా తడితే మన వ్యాపారానికి ఇబ్బంది. ఇది జిల్లాల స్థాయి విషయమని, పోలీసుల పని అని చెప్పి మాట మార్చండి.

మిర్యాలగూడలో మాట మార్చడం కష్టం, అక్కడ కళ్ల ముందే కనబడుతుంది. 1967లో సాగర్ ఎడమ కాలువకు నీళ్లొదిలారు, వరి వచ్చింది, వరితో మిల్లులు వచ్చాయి. కోతల కాలంలో వడ్ల ట్రాక్టర్లు మిల్లుల ముందు బారులు తీరుతాయి. డ్రైవరు ట్రాలీ మీద పట్టా కప్పి, దాని నీడలోనే పడుకుంటాడు. ముందున్న బండి నాలుగడుగులు కదిలితే వెనకవాడు లేపుతాడు. మిల్లుల మధ్య నుంచి ఒకదాన్నొకటి కోసే రోడ్లుంటే ఆ బారు నాలుగుగా చీలి, సందుల్లో సర్దుకునేది. సాగర్ రోడ్డు మీద కిరాణా సామానుకొచ్చిన మనిషికి ట్రాక్టరు తొట్టి కింద నుంచి దూరే పని ఉండేది కాదు. ఒకవైపు రైలు పట్టాలు, ఇంకోవైపు కాలువలు ఎలాగూ ఊరిని కోస్తున్నాయి. అవి చాలవన్నట్టు మన గోడలు కూడా తోడైతే గాని పట్టణం పూర్తి కాదు.

మాస్టర్ ప్లాన్ ఉంది కదా అని ఎవరైనా బెదిరిస్తే భయపడొద్దు. 2015లో అమృత్ పథకంలో లక్ష జనాభా దాటిన ఊళ్లుగా సూర్యాపేట, మిర్యాలగూడ చేరాయి. కోదాడకు లక్ష లేక చేరలేదు. ఆ పథకం కింద ఉపగ్రహ చిత్రాలతో ప్లాన్లు గీసే పని పెట్టారు. గీయనివ్వండి. మాన్‌హట్టన్‌లో వీధులు ముందు గీశారు, ప్లాట్లు తర్వాత అమ్మారు. భూమిగలవాళ్లు కొలతలు తీసేవాళ్లను తరిమికొట్టినా గీత మాత్రం చెరగలేదు. మనం ముందు అమ్ముతాం, గీత ఇళ్ల మీదుగా పోవాల్సి వస్తుంది. ఇల్లు కూల్చే ధైర్యం ఏ కౌన్సిలర్‌కూ ఉండదు, వచ్చే ఏడాది ఓట్లుంటాయి.

అనుమతి లేదని దిగులు కూడా వద్దు. క్రమబద్ధీకరణ 2007 చివర్లో ఒకసారి వచ్చింది, 2015లో వచ్చింది, 2020లో ఎల్ఆర్ఎస్ అని మళ్లీ వచ్చింది. కొన్నవాడు ఫీజు కడతాడు, కాగితం వస్తుంది. ప్లాటు క్రమబద్ధం అవుతుంది, వేయని రోడ్డు మాత్రం ఎంత ఫీజు కట్టినా పుట్టదు. ఆ కాగితం మీద రోడ్డు గురించి అడిగే గడి ఎక్కడుందో నాకు కనబడలేదు.

ఆఖరి జాగ్రత్త గోడ గురించి. ఆర్నెల్లు గడిచాక ఒకసారి పోయి చూడండి. ఎక్కడో ఒకచోట పలక ఒకటి ఊడిపోయి ఉంటుంది. మనిషి పక్కకు తిరిగితే పట్టేంత సందు. కింద మట్టి నున్నగా, గడ్డి లేకుండా ఉంటుంది. సైకిలు హ్యాండిల్ తగిలి రెండు వైపులా సిమెంటు గీసుకుపోయి ఉంటుంది. బడిపిల్లలు, పాలవాడు, పనికొచ్చే ఆడవాళ్లు, పొద్దున నడకకు పోయే రిటైర్డు సారు, అందరూ అందులోంచే. ఎవరు తీశారంటే ఎవరూ చెప్పరు. ముళ్లకంప వేయండి, రెండు రోజుల్లో పక్కకు జరుగుతుంది. కడీలు పాతించి ముళ్లతీగ లాగండి, తీగ వంగిపోతుంది. ఇక లాభం లేదనుకున్నప్పుడు ఆ సందును రెండు వైపులా పది పది గజాలు కలిపి కొలిపించండి, దగ్గరి ప్లాటు నంబరు పక్కన ‘ఏ’ చేర్చండి, తూర్పు ముఖమని చెప్పి అమ్మేయండి.